పుర్రె బొమ్మ రాని కంప్యూటరు

మా ఇంట్లో టీవీలో కంప్యూటరు కనిపించిందంటే నన్ను అక్కడ కూర్చోనివ్వరు. నా నోరు ఆగదని అందరికీ తెలుసు. మా అత్తమ్మ అయితే రిమోటు ఒళ్లో పెట్టుకుని ముందే హెచ్చరిస్తుంది.

"ఇగో, ఇప్పుడు గా పిల్ల కంప్యూటర్ తెరుస్తది. నువ్వు జెర వంటింట్లకు పో."

నోరెలా ఆగుతుందో మీరే చెప్పండి! విలన్ ఆడపడుచు ఆఫీసులోకి దూరుతుంది. పాస్‌వర్డ్ అడిగితే రెండుసార్లు తప్పు కొట్టి, మూడోసారి మామగారి పేరు కొడుతుంది. టక్కున తెరుచుకుంటుంది. ఒక్క మీట నొక్కగానే కంపెనీ నగల డిజైన్లన్నీ మాయం. ఉరుము శబ్దం, ఆమె ముఖం మూడుసార్లు దగ్గరికి. ఇక ఆ ఇల్లంతా నెలల తరబడి ఏడుపే. కంప్యూటర్లో చెత్తబుట్ట ఒకటి ఉంటుంది, అందులో వెతుక్కోండమ్మా అని నేను ఇక్కడి నుంచి అరుస్తాను. ఇంకో సీరియల్లో హీరో తుపాకీతో తెరను కాలుస్తాడు, సమాచారమంతా నాశనమైపోయిందని విలన్ తల పట్టుకుంటాడు. ఓరి నీ తెలివి తెల్లారా, సమాచారం తెరలో ఉంటుందట్రా? వార్తలు పెడదామా అంటే అక్కడా అంతే. సైబర్ మోసం అనగానే ముసుగేసుకుని, చేతులకు తొడుగులేసుకుని, చీకట్లో కీబోర్డు కొట్టేవాడి బొమ్మ వేస్తారు. తొడుగులేసుకుని ఒకసారి కొట్టి చూడండి, మీ పేరు కూడా సరిగ్గా రాదు.

తెల్లాపూర్ టవర్లలో కూర్చుని ల్యాప్‌టాపులు నడిపే పిల్లలూ, మీకు ఇదంతా నవ్వులాట. నాకు మాత్రం ఒళ్లు మండుతుంది. దానికి కారణముంది. టీవీ వాళ్లు ఒకసారి నా కంప్యూటరు దగ్గరికే వచ్చారు. ఏం జరిగిందో చెబుతాను, వినండి.

నేను జిన్నారం వైపు మందుల ముడిసరుకు చేసే ఒక ఫ్యాక్టరీలో కంట్రోల్ రూమ్ ఆపరేటరుగా పనిచేసి, ఈమధ్యే రిటైరయ్యాను. సంగారెడ్డిలో డిప్లొమా చదువుకుని అందులో చేరాను. మొదట్లో గోడ నిండా ముల్లు తిరిగే మీటర్లుండేవి, తర్వాత కంప్యూటర్లొచ్చాయి. అవతల ప్లాంటులో పెద్ద పెద్ద రియాక్టర్లలో రసాయనాలు కలుస్తుంటాయి. ఏది ఎంత వేడెక్కింది, ఎంత చల్లబడింది అన్నది ఇవతల గదిలో నా తెర మీద అంకెల్లో కనిపిస్తుంది. తెర బూడిద రంగు, అంకెలు తెల్లవి. చూడ్డానికి అంతకంటే నీరసమైన బొమ్మ లోకంలో ఉండదు. మౌసు మీద ఒక చెయ్యి, పక్కన వాకీటాకీ. అంకె పెరగబోతుంటే ముందే పసిగట్టి చల్లటి నీళ్లు ఎక్కువ వదలాలి, తగ్గుతుంటే తగ్గించాలి. అదీ నా ఉద్యోగం.

ఇది మా అత్తమ్మకు ఏనాడూ అర్థం కాలేదు. ఆమె పుట్టింది భానూర్ వైపు రైతుల ఇంట్లో. నాట్లేసిన మనిషి, బర్రెలు పిండిన మనిషి. పని అంటే నడుము వంగాలి, చెమట పట్టాలి. నేను షిఫ్టు దిగి కంపెనీ బస్సులో పటాన్‌చెరు వచ్చి, ఇంట్లో అడుగుపెట్టి "అబ్బ, అలసిపోయాను" అన్నానంటే చాలు, పక్కింటామెను పిలిచి మరీ చెప్పేది.

"ఇన్నవా, మా కోడలు అలిసిపోయిందట. కూసుండి కూసుండి అలిసిపోయిందట. ఏసీల కూసుండుడు ఎంత కష్టమో!"

కోపంతో అనేది కాదు, నవ్వుతూనే అనేది. కానీ ఏళ్ల తరబడి వింటే ఆ నవ్వు కూడా గుచ్చుకుంటుంది. ఆమెను తీసుకెళ్లి చూపిద్దామంటే గేటు లోపలికి బయటివాళ్లను రానివ్వరు. ఫొటో తీసి చూపిద్దామంటే ఫోన్లు గేటు దగ్గరే పెట్టేయాలి. అన్నాళ్లు చేసిన పనిని మా ఇంట్లో ఒక్కరూ కంటితో చూడకుండానే రిటైరైపోతానని నాకు లోలోపల దిగులుగా ఉండేది.

రిటైర్మెంటు దగ్గరపడిన రోజుల్లో మా షిఫ్ట్ ఇన్‌చార్జి సారు పరుగెత్తుకుంటూ వచ్చి చెప్పాడు. "మేడమ్, మన కంట్రోల్ రూమ్‌ల షూటింగట! సీరియల్! పెద్దసారు ఒప్పుకున్నడు. టీవీవాళ్లు ఆయనకు దోస్తులట."

అది మా అత్తమ్మ చూసే సీరియలే! నాకు కాళ్లు నేల మీద నిలవలేదు. ఆ సాయంత్రం చెప్పగానే ఆమె చేతిలో చాయ్ గ్లాసు కింద పెట్టేసింది.

"నిజంగనా? మన సీరియలా? నీ కుర్సీ కనబడ్తదా టీవీల?"

"కుర్చీ, కంప్యూటరు, అన్నీ కనబడతాయి అత్తమ్మా. నేనేం చేస్తానో చూద్దువుగాని."

"అయితే సూస్త తియ్యి. ఇన్నేండ్లకు సూస్త" అంది. ఆ మాటతో నాకు పండగ అయిపోయింది.

షూటింగ్ రోజు ఫ్యాక్టరీ అంతా పెళ్లివారిల్లే. ఇన్‌చార్జి సారు గురించి మీకు చెప్పాలి. గదిలో గట్టిగా తుమ్మినా "అది అలారమా?" అని అడిగే మనిషి. చప్పుడు చేస్తాయని నా చేతి గాజులు తీయించిన మనిషి. ఆ రోజు కొత్త చొక్కా, ముఖానికి పౌడరు, వాన మబ్బుల మధ్య మెరుపులాంటి చిరునవ్వు. రియాక్టర్ దగ్గర పనిచేసే మా భాయి, ఆయన నాకంటే కొంచెం ముందు చేరిన మనిషి, అద్దం లోంచి తొంగిచూసి "క్యా బాత్ హై చెల్లె, ఇయ్యాల సారుకు పెండ్లా?" అన్నాడు.

షూటింగ్ సమయంలో రియాక్టర్‌లో బ్యాచ్, అంటే ఒక వాయి సరుకు, నడపకూడదని ముందే అనుకున్నాం. కానీ హీరోయిన్ పటాన్‌చెరు దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయింది. ఎదురుచూసి చూసి, ఇక ఆగలేక బ్యాచ్ మొదలుపెట్టాం. ఒక రసాయనంలోకి ఇంకోటి సన్నటి ధారగా వదులుతూ ఉండాలి, అది వేడెక్కకుండా చుట్టూ చల్లటి నీళ్లు తిప్పుతూ ఉండాలి. సరిగ్గా ధార మొదలయ్యాక వాళ్లు దిగారు.

డైరెక్టరు నా తెరను చూసి నీరుగారిపోయాడు. "ఇదేంటండీ? ఎర్రగా మెరవదా?"

"మెరవద్దనే కదా సార్ మేమిక్కడ కూసున్నది" అన్నాను.

"ప్రమాదం వస్తే? పుర్రె బొమ్మ గానీ, 'డేంజర్' అని గానీ?"

"ఆ అంకె పక్కన చిన్న పసుపు గీత వస్తది సార్."

"పసుపు గీతా!" అని నుదురు కొట్టుకున్నాడు. పరవాలేదు, తెర బొమ్మలు తర్వాత తాము చేసుకుంటామన్నాడు. ల్యాప్‌టాపులో చూపించాడు కూడా. ఎర్రటి తెర, మధ్యలో పళ్లికిలించే పుర్రె, కింద నూటికి ఎంతయిందో చూపే గడి. అందుకని కెమెరాను నా తెర వెనకాల పెట్టారు. కుర్చీలో కూర్చున్నవాళ్ల ముఖం కనిపిస్తుంది, తెర కనిపించదు. ఆ మాట వినగానే నా ప్రాణం ఉసూరుమంది. అయినా కనీసం కూర్చునే తీరైనా నిజంగా ఉండాలని, ఇంజినీరు వేషం వేసిన ఆ హీరోయిన్ పిల్లను పట్టుకున్నాను.

పాపం బంగారుతల్లి, బెంగళూరు పిల్ల. తెలుగు ఇంకా పూర్తిగా రాదు. సీరియళ్లలో ఒక ఏర్పాటుంది, మీకు తెలుసో లేదో. కెమెరా పక్కన ఒకాయన నిలబడి డైలాగు గట్టిగా చదువుతుంటాడు, ఆమె విని అదే పలుకుతుంది, గొంతు తర్వాత వేరేవాళ్లు చెబుతారు. కాబట్టి ఆమె కళ్లకు పెద్దగా పనిలేదు. నేను ఆమెకు చెప్పాను.

"ఇగో బిడ్డా, టకటక కీబోర్డు కొట్టుడు మా పని కాదు. చేతులు ఇట్ల పెట్టు. ఈ అంకె చూడు. పాలు పొయ్యి మీద పెట్టి ఎట్ల చూస్తవో గట్ల చూడు. ముప్ఫై దగ్గర ఉంటే మంచిది. పైకి పోయిందంటే పాలు పొంగుతున్నట్టే."

"సరే అమ్మా" అంది. చెప్పింది చెప్పినట్టు కూర్చుంది. నా కుర్చీలో నన్ను నేను చూసుకున్నట్టే ఉంది.

షాట్ మొదలైంది. మధ్యలో మా అలారం బజర్ కుయ్‌మంది. ఏదో నీళ్ల ట్యాంకు కొంచెం తగ్గిందని, రోజూ ఉండేదే.

"కట్! ఆ పిట్ట కూతేంటండీ?" అన్నాడు డైరెక్టరు.

"మా అలారం సార్" అన్నాను.

"అలారమా! అలారమంటే ఒళ్లు జలదరించాలండీ. సరే, దాన్ని కాసేపు ఆపండి. సైరన్ మేం తర్వాత వేసుకుంటాం."

ఇన్‌చార్జి సారు క్షణం ఆలోచించలేదు. ముందుకొచ్చి బజర్ బంద్ చేశాడు. నేను అడ్డుపడ్డాను.

"సార్, బ్యాచ్ నడుస్తుంది. బజర్ బంద్ చెయ్యొద్దు."

"నేనున్న కదమ్మా. పక్క తెర మీద నేను సూస్తుంట. జెర సేపే కదా."

గాజుల చప్పుడు భరించలేని మనిషి చేసిన పని ఇది! ఆయన పక్క తెర ముందు నిలబడ్డాడు, అబద్ధం చెప్పకూడదు. కళ్లు మాత్రం హీరోయిన్ మీదున్నాయి. నన్ను కెమెరా వెనక్కి జరిపేశారు. అక్కడి నుంచి తెర నాకు కనబడదు. కుతకుతలాడుతూ నిలబడ్డాను.

"యాక్షన్" అన్నారు. చదివే ఆయన చదువుతున్నాడు. "ఈ ఫ్యాక్టరీని ఎవరూ కాపాడలేరు." ఆ పిల్ల "ఈ ఫ్యాక్టరీని ఎవరూ కాపాడలేరు" అంది. ఆయన తర్వాతి ముక్క చదివాడు. ఆ పిల్ల పలకలేదు. మరచిపోయిందనుకుని ఆయన ఇంకా గట్టిగా చదివాడు. ఆమె కళ్లు తెర మీద నుంచి కదల్లేదు.

"అమ్మా" అంది, కెమెరా వైపు కాదు, నా వైపు. "ఈ నంబర్ పైకి పోతా ఉంది. పాలు పొంగుతున్నాయి."

లైట్లు తన్నుకుంటూ, వైర్లు దాటుకుంటూ ఎలా వెళ్లానో నాకు తెలియదు. ఆ పిల్ల అప్పటికే కుర్చీ వదిలి పక్కకు జరిగింది. కూర్చున్నాను. అంకె ముప్ఫై దాటి ఎప్పుడో పైకి పోయింది, ఇంకా పోతోంది. పక్కన పసుపు గీత మెరుస్తోంది, మోగాల్సిన బజర్ నోరు మూసుకుని ఉంది. ముందు ధార ఆపేశాను. చల్లటి నీళ్ల వాల్వు పూర్తిగా తెరవమని మౌసుతో నొక్కాను. తెరుచుకోలేదు. మళ్లీ నొక్కాను. వాల్వు ఇరుక్కుపోయింది.

ధార ఆపినంత మాత్రాన ఆగదు. లోపల అప్పటికే పడిన సరుకు వేడెక్కుతూనే ఉంటుంది. అలాగే పోతే, ఒత్తిడి పెరిగితే పగిలేలా రియాక్టర్ మీద పెట్టిన రేకు పగిలి వేడి ఆవిరి బయటికి తన్నుకొస్తుంది. ఆ రియాక్టర్ దగ్గర మా భాయి ఉన్నాడు. వాకీటాకీ అందుకున్నాను. అరవలేదు. అరిస్తే అవతలి మనిషి కంగారుపడతాడు, అది మా పనిలో మొదటి పాఠం.

"భాయ్, వేడి పెరుగుతుంది. నీళ్ల వాల్వు ఇరికింది. పక్కనున్న చేతి వాల్వు తిప్పు. జల్దీ."

"హా చెల్లె, పోతున్న."

అంకె పెరిగింది. ఇంకోటి పెరిగింది.

"చెల్లె, బిగుసుకపోయింది. కదుల్తలేదు."

"బలంగ తిప్పు భాయ్. ఇంక టైముంది, నేను చూస్తున్న. నేను చెప్తే మాత్రం వదిలేసి బయటికి ఉరుకు."

టైముందన్నాను గానీ ఎక్కువ లేదు. ఇన్‌చార్జి సారు పౌడరు ముఖం మీద చెమట చారలు. ఒక అంకె దగ్గర మనసులో గీత గీసుకున్నాను, అది దాటితే భాయిని పరుగెత్తమనాలి. ఆ గీతకు ఒక్క మెట్టు కింద ఉండగా వాకీటాకీ గరగరలాడింది.

"ఖోల్ దియా చెల్లె! పూరా ఖోల్ దియా!"

తెరిచేశాడు. అయినా అంకె వెంటనే దిగదు. అక్కడే నిలబడింది. నిలబడి నిలబడి, ఒక మెట్టు దిగింది. ఇంకోటి దిగింది. అప్పుడు గానీ నేను మౌసు పట్టుకున్న చేతిని వదులు చేయలేదు. వేళ్లు విడదీస్తుంటే నొప్పెట్టాయి.

"భాయ్, దిగుతుంది. నువ్వు కూసో, నీళ్లు తాగు" అన్నాను. అంతే, ఒకరి తర్వాత ఒకరు చప్పట్లు కొట్టారు. ఆ బెంగళూరు పిల్ల నన్ను కౌగిలించుకుని ఏడ్చేసింది. నేను నవ్వాను, ఏడ్చాను, ఏం చేశానో నాకే తెలియదు. ఇన్‌చార్జి సారు వెళ్లి బజర్ మళ్లీ ఆన్ చేశాడు. జరిగింది జరిగినట్టు పైవాళ్లకు ఆయనే చెప్పుకున్నాడు. మర్నాడు ఆ స్విచ్చికి ఆయనే తాళం వేయించాడు.

ఇంతలో కెమెరా అబ్బాయి అన్నాడు, "సార్, మీరు కట్ చెప్పలేదు. మొత్తం వచ్చింది."

చూశారా! నేను ఎగిరి గంతేసినంత పనిచేశాను. నా పని, నా ముఖం, అంతా కెమెరాలో ఉంది! డైరెక్టరు దగ్గరికి వెళ్లి అడిగాను, సార్, అదే పెట్టండి సార్ అని. ఆయన చెడ్డవాడు కాదు, మర్యాదగానే చెప్పాడు.

"అమ్మా, మీరు చేసింది గొప్ప పని. కాదనను. కానీ కెమెరాలో ఏముంది? మీరు కూర్చున్నారు, చూశారు, రెండు మాటలు మాట్లాడారు. అంతే కదా? మా ప్రేక్షకులు కూర వండుకుంటూ వంటింట్లోంచి వింటారమ్మా. చప్పుడు లేకపోతే ఛానెల్ మార్చేస్తారు. వాళ్లకు ఇదంతా అర్థం కాదు."

వంటింట్లోంచి వింటారన్న మాట మాత్రం నిజమే. మా బజర్ కూడా అందుకే కదా, కన్ను తప్పినప్పుడు చెవిలో పడాలని. కానీ అర్థం కాదన్న మాట నాకు మింగుడుపడలేదు.

ఆ ఎపిసోడ్ వచ్చిన సాయంత్రం అత్తమ్మ వాడవాళ్లందరినీ పిలిచింది. సర్వపిండి చేయించింది. నన్ను మధ్యలో కూర్చోబెట్టింది. భయపడతారని ఇంట్లో దాచిన ఆ రోజు సంగతి ఇప్పుడైనా చెబుదామంటే "సప్పుడు జెయ్యకు, సూడనియ్యి" అంది.

ఏం వచ్చిందో మీరు ఊహించగలరు. పుర్రె వచ్చింది, ఎర్రగా మెరిసింది, సైరన్ కొట్టింది. ఆ పిల్ల జుట్టు విరబోసుకుని పది వేళ్లతో కీబోర్డు వాయించింది. అది తర్వాత వేరేచోట తీసుకున్నారట. హీరో పరుగెత్తుకొచ్చి వాళ్లమ్మ పేరు పాస్‌వర్డుగా కొట్టాడు. పుర్రె మాయమైంది, రియాక్టర్ చల్లబడింది. ఇల్లంతా చప్పట్లు కొట్టింది. నా కుర్చీ ఉన్నది ఒక్క రెప్పపాటు, అదీ పక్క నుంచి.

అత్తమ్మ నా వైపు తిరిగింది. "అమ్మో, గిన్నిగనం మీటలు కొట్టాల్నా? మరి నువ్వు గట్ల కొట్టంగ నేనెన్నడు సూడలే. నీకు రాదా ఏంది?"

అందరూ నవ్వారు. నేను సర్వపిండి పళ్లెం తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయాను. అక్కడ నిలబడి ఏడ్చాను కూడా. సిగ్గుపడేదేముంది, కడుపు మండితే ఏడవరా?

రిటైరయ్యాక ఒక సాయంత్రం నా ఫోనుకు ఆ బెంగళూరు పిల్ల నుంచి ఒక వీడియో వచ్చింది. కెమెరా అబ్బాయిని అడిగి, మా పెద్దసారుతో చెప్పి మరీ తీసుకుందట. "అమ్మా, ఇది మీది" అని రాసింది.

అత్తమ్మ సీరియల్ చూస్తోంది. మధ్యలో ప్రకటనలు వచ్చాయి. ఫోను ఆమె చేతిలో పెట్టి, ఏమీ చెప్పకుండా పక్కన కూర్చున్నాను.

అందులో తెర లేదు, అంకె లేదు, పుర్రె లేదు. ఒక ఆడమనిషి వచ్చి కుర్చీలో కూర్చుంటుంది. ముందుకు వంగి చూస్తుంది. వాకీటాకీలో నెమ్మదిగా మాట్లాడుతుంది. మళ్లీ చూస్తుంది. అంతే, చాలాసేపు అంతే. వాకీటాకీలోంచి కనిపించని మనిషి గొంతు 'బిగుసుకపోయింది' అంటుంది. ఆమె రెప్ప వేయదు.

ప్రకటనలు అయిపోయాయి. టీవీలో సీరియల్ మొదలైంది, ఉరుము కూడా ఉరిమింది. అత్తమ్మ తల తిప్పలేదు. ఫోను ముఖానికి దగ్గరగా పట్టుకుంది. రెండో చేత్తో నా మోకాలు పట్టుకుంది. వీడియో నడుస్తున్నకొద్దీ ఆ పట్టు బిగిసింది. ఖోల్ దియా అన్న గొంతు వచ్చాక కూడా వదలలేదు. వీడియోలో నేను వేళ్లు విడదీసుకున్నాక, ఆమె చెయ్యి వదులైంది.

నా వైపు తిరిగింది. కళ్లు తడిగా ఉన్నాయి.

"గా భాయికి ఏం కాలే కదా?"

"ఏం కాలేదత్తమ్మా. అరచేతులు బొబ్బలెక్కినయ్, గంతే."

"దేవుడు సల్లగ సూడాలె ఆయన్ను" అంది. నా కుడిచెయ్యి తన ఒళ్లోకి తీసుకుని, ఒక్కొక్క వేలే ఒత్తింది. ఫోను నాకిచ్చింది.

"మల్లోపారి పెట్టు" అంది. "గా టీవీ బంద్ చెయ్యి ముందు."